ఇంటిల్లిపాదీ రాసే శుభలేఖ

అంగట్లో బంగారు రంగు కార్డులకు కొదవలేదు. ఫోనులో వేలు కదిపితే వెయ్యిమందికి పిలుపు వెళ్లిపోతుంది. అయినా అక్క పెళ్లికో తమ్ముడి పెళ్లికో పత్రికల్ని ఇంట్లోనే చేత్తో చేసుకోవాలని ముచ్చటపడేవాళ్లు ఉన్నారు. ఆ ముచ్చట తీరాలంటే ఏం కావాలి? ఎన్ని రోజులు పడుతుంది? అసలు అంత శ్రమ ఎందుకు?

ఎన్ని వందల కార్డులు కొట్టించినా చాలా పెళ్లిళ్లలో చేత్తో రాసే పత్రిక ఒకటి ఉండనే ఉంటుంది. అదే లగ్నపత్రిక. పిల్లవైపు వాళ్లూ పిల్లవాడివైపు వాళ్లూ ఎదురెదురుగా కూర్చుంటారు. పురోహితుడు పంచాంగం చూసి తిథి, వారం, నక్షత్రం, లగ్నం కాగితం మీద పెడతాడు. నాలుగు మూలలా పసుపు అద్ది అందరూ వినేట్టు చదువుతాడు. పాలమూరు పల్లెల్లో ‘లగ్గం పెట్టుకున్నరు’ అన్న మాట ఊళ్లో పాకేది ఆ కాగితం చదివాకే. ఇప్పుడు లగ్నపత్రిక ఫారాలు కూడా రంగురంగుల్లో అచ్చయి వస్తున్నాయి. కానీ వాటిలోనూ పేర్లూ ముహూర్తమూ పెన్నుతో నింపాల్సిందే.

అంటే పెళ్లి ఖాయమయ్యేది చేతిరాతతో. ఆ సంగతి లోకానికి చెప్పేది మాత్రం అచ్చుతో! ఈ రెండో పనిని కూడా మళ్లీ ఇంట్లోకి తెచ్చుకోవడమే చేతితో చేసే శుభలేఖ. కాబట్టి ఇదేదో ఎక్కణ్నుంచో వచ్చిపడిన కొత్త ఫ్యాషన్ కాదు. మన దగ్గరున్నదే, మధ్యలో చేజారింది.

‘షాద్’ అంటే సంతోషం!

పెళ్లి పత్రికల ముచ్చట చెప్పుకోవడానికి షాద్‌నగర్‌ను మించిన ఊరు లేదేమో! ఆ పేరులోని ‘షాద్’ హైదరాబాద్ సంస్థానానికి ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ కలంపేరు. ఆయన ఉర్దూ, పర్షియన్ భాషల్లో కవిత్వం రాసేవారు. పర్షియన్‌లో షాద్ అంటే సంతోషంగా ఉన్న మనిషి. షాదీ అంటే సంతోషం. ఆ షాదీయే ఉర్దూలోకి వచ్చి పెళ్లి అయింది. అలా చూస్తే ఊరి పేరులోనే పెళ్లికళ ఉంది.

మొన్నమొన్నటి వరకూ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016లో జిల్లాల పునర్విభజనతో రంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన ఈ పట్టణం చుట్టుపక్కల పల్లెలకు పెద్ద అంగడి. చీరలైనా, సామాన్లైనా, పత్రికలైనా ముందు ఇక్కడికే వస్తారు. ఇంకా ‘మంచివి’ కావాలనుకుంటే బెంగళూరు జాతీయ రహదారి మీదో, రైల్లోనో యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్ వెళతారు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగి నయాపూల్ దాటి ఛత్తాబజారు చేరితే వరసగా శుభలేఖల దుకాణాలే. ఏ మతంవాళ్ల పెళ్లికైనా, ఏ భాషలోనైనా అక్కడ కార్డు దొరుకుతుంది.

ఆ ఛత్తాబజారు ఒకప్పుడు చేతిరాతకు పుట్టిల్లు. ముస్లిం కుటుంబాలు ‘రుక్కా’ అని పిలుచుకునే పెళ్లిపత్రికను కాతిబ్‌లు, అంటే దస్తూరీ తిరిగిన రాయసగాళ్లు, కలంతో ఒక్కో అక్షరం వంపు తీర్చి రాసేవారు. ఆ రాత నుంచే అచ్చు తీసేవారు. 1990లలో ఇన్‌పేజ్ లాంటి ఉర్దూ సాఫ్ట్‌వేర్‌లు రావడంతో కాతిబ్‌ల పని కంప్యూటర్ల చేతికి పోయింది. తెలుగు పత్రికల కథ కూడా ఇంతే. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చే కంపోజిటర్లు, కాలితో తొక్కితే తిరిగే ట్రెడిల్ యంత్రాలు వెళ్లిపోయి డీటీపీ సెంటర్లు వచ్చాయి. పని సులువైంది. దాంతోపాటే పత్రికలన్నీ ఒకే పోలికలోకి వచ్చేశాయి. కంప్యూటర్లో పాత పెళ్లివాళ్ల పేర్లు తీసేసి కొత్తవాళ్ల పేర్లు పెడితే చాలు, పావుగంటలో పత్రిక సిద్ధం! ఆ తొందరలో పాత వరుడి తాతగారి పేరు కొత్త పత్రికలో ఉండిపోయిన సందర్భాలూ లేకపోలేదు.

కార్డు పిలుస్తుందా, మనిషి పిలుస్తాడా?

తెలంగాణ పల్లెల్లో పత్రిక ఎన్నడూ పిలుపు కాదు. పిలుపంటే మనిషి రావడం. గడపలో నిలబడి ఆ ఇంటి ఆడబిడ్డకు బొట్టు పెట్టి ‘వదినా, బిడ్డ పెండ్లి పెట్టుకున్నం. మీరు రెండు దినాల ముందే రావాలె’ అని నోరారా చెప్పడం. పత్రిక చేతికిచ్చేది తేదీ గుర్తుండటానికి. అందుకే నేటికీ ‘కార్డు పంపిండ్రు గని పిలువలేదు’ అన్న మాట వింటుంటాం. కార్డు అందినా పిలుపు అందలేదని అర్థం! దూరపు చుట్టాలకు మాత్రం కవరు అంటించకుండా పైన ‘బుక్‌పోస్టు’ అని రాసి తపాలాలో వేసేవారు. పెళ్లికి రాలేనివాళ్లు టెలిగ్రాం కొట్టేవారు. 2013 జులైలో దేశంలో టెలిగ్రాం సేవలు ఆగిపోవడంతో ఆ ముచ్చటా ముగిసింది.

ఇప్పుడు పిలుపు పని కూడా ఫోనుకే అప్పజెప్పేశాం. బొమ్మలు కదిలే వీడియో వస్తుంది. అందరికీ ఒకటే వీడియో. మేనమామకు వెళ్లిందే ఎప్పుడో ఒకసారి కలిసిన ప్లంబరుకూ వెళుతుంది. ఇందులో తప్పేం లేదు. కానీ మేనమామ మనసులో మాత్రం చిన్న వెలితి. ఇంట్లో చేసిన పత్రిక తీర్చేది ఆ వెలితినే. కవరు మీద ‘మామయ్యకు, అత్తమ్మకు’ అని మేనకోడలి చేతిరాత కనిపిస్తే చాలు, అది వందమందిలో ఒకరికి పంపింది కాదనీ తన కోసమే చేసిందనీ ఆయనకు తెలిసిపోతుంది.

అలాగని ఊరందరికీ చేతిపత్రిక చేయడం ఎవరి తరమూ కాదు. కాబట్టి మొదటే రెండు జాబితాలు రాసుకోవాలి. బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్లు ఒకటి, తేదీ తెలిస్తే చాలనుకునే వాళ్లు రెండోది. మొదటి జాబితాకే చేతిపత్రిక. రెండోదానికి ఆ పత్రిక ఫొటోనే ఫోనులో పంపొచ్చు. మొదటి జాబితా నూటయాభై ఇళ్లు దాటకపోతే పని సాగుతుంది.

లెక్క తప్పితే తిప్పలే

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు. ఆ రెండో దాంట్లో పత్రికల పనిని కూడా నెత్తికెత్తుకుంటున్నప్పుడు ముందు లెక్క వేసుకోవాలి. కాగితం మడవడానికి రెండు నిమిషాలు, అంచు అతకడానికి నాలుగు, బొమ్మ ముద్రకు మూడు, పేరు రాయడానికి రెండు, పసుపు కుంకుమ అద్ది కవర్లో పెట్టడానికి ఒకటి... ఒక్కో పత్రికకు మొత్తం పన్నెండు నిమిషాలు అనుకుందాం. 150 పత్రికలకు 1800 నిమిషాలు. అంటే ముప్ఫై గంటలు! ఒక్కరే చేస్తే నడుం పడిపోతుంది. నలుగురు కూర్చుంటే తలా ఏడున్నర గంటలు. రాత్రి భోజనాలయ్యాక గంటన్నర చొప్పున అయిదు రోజుల పని. అదీ లోపలి విషయమంతా ముందే అచ్చు వేయించుకుంటేనే. ప్రతి పత్రికలోనూ మొత్తం విషయం చేత్తోనే రాస్తామంటే మరో పది నిమిషాల చొప్పున ఇంకో పాతిక గంటలు కలుపుకోవాలి.

మరి విషయం అచ్చు వేయిస్తే అది చేతిపత్రిక ఎలా అవుతుంది? దీనికో మంచి ఉపాయం ఉంది. తెల్లకాగితం మీద నల్లసిరాతో ఒక్కసారి ఇంట్లోవాళ్లే అందంగా రాసి, ఆ కాగితాన్నే స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్లకు ఇవ్వాలి. చెక్క చట్రానికి బిగించిన సన్నటి జాలీ మీద ఆ రాత అచ్చుగా దిగుతుంది. దాని మీద సిరా పోసి రబ్బరు పట్టీతో ఒక్కసారి లాగితే కింది కాగితం మీద ఇంటివాళ్ల దస్తూరీ ఉన్నదున్నట్టు పడుతుంది. షాద్‌నగర్ లాంటి పట్టణాల్లో ఈ పని చేసేవాళ్లు దొరుకుతారు. తెలుగువాళ్లకు ఇది కొత్తేం కాదు. బాపు (1933-2014) చేతిరాతను చూసి ముచ్చటపడి ఆ అక్షరాలనే కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాం. ఎన్నో శుభలేఖల మీద కనిపించే గుండ్రటి, కాస్త వాలుగా ఉండే రాత ఆ చేతిదే. ఆయన రాతే అంత ముద్దొస్తే, మన ఇంటి నాయనమ్మ రాత రాదా?

ఆ రాత అంతా ఒక్కరిదే కానక్కరలేదు కూడా. పైన ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అని నాయనమ్మ రాయొచ్చు. ఆమె రాత కాస్త వణికినా ఫర్వాలేదు. ముహూర్తం నాన్న, వేదిక తమ్ముడు, భోజనాల మాట అమ్మ... చివర ‘తప్పక రావాలి’ అన్న ముక్క ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల. చదువు రాని తాతయ్య ఉంటే ఆయన వేలిముద్ర! పత్రిక అందుకున్న చుట్టాలు మొదట చేసే పని పెళ్లి తేదీ చూడటం కాదు, ‘ఇది ఎవరి రాతో చెప్పుకోండి’ అని పందెం వేసుకోవడం.

కాగితం సంగతులు

అంగట్లో దొరికే ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాన్ని మధ్యకు మడిస్తే 148, 210 మిల్లీమీటర్ల పత్రిక అవుతుంది. సీ5 అని అడిగితే ఇచ్చే కవరు (162, 229 మిల్లీమీటర్లు) దానికి సరిగ్గా సరిపోతుంది. ఈ కొలతల్లోనే ఉంటే కవర్లు విడిగా కుట్టించుకునే బాధ తప్పుతుంది. కాగితం మందం 150 నుంచి 250 జీఎస్ఎం మధ్య ఉంటే చేతిలో నిండుగా ఉంటుంది, మడతా బాగా వస్తుంది. మడిచే ముందు స్కేలు ఆనించి మొద్దు చెంచా అంచుతో గీత గీస్తే మడత దగ్గర కాగితం పగలదు. కాగితానికి కూడా చీరకు పడుగులాగా ఒక వాటం ఉంటుంది. ఆ వాటానే మడవాలి. రెండు వైపులా వంచి చూస్తే ఏ వైపు మెత్తగా వంగుతుందో అదే వాటం.

కాగితం కూడా చేత్తో చేసిందే కావాలనుకునే వాళ్లకు పత్తి కాగితం ఉంది. బనియన్ల కంపెనీల్లో మిగిలే గుడ్డ పీలికలను నీళ్లలో నానబెట్టి, గుజ్జుగా దంచి, తొట్టిలో కలుపుతారు. జల్లెడ లాంటి చట్రాన్ని అందులో ముంచి పైకి తీస్తే నీళ్లు కారిపోయి పల్చటి పొర మిగులుతుంది. దాన్ని గుడ్డ మీదకు దించి, ఒత్తి, ఆరబెడితే కాగితం. చెట్టు కొట్టాల్సిన పని లేదు. పత్తి పోగు పొడుగ్గా ఉంటుంది కాబట్టి త్వరగా చిరగదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఈ విద్య తెలంగాణకు కొత్తది కాదు. నిజాం కాలంలో కరీంనగర్ వైపు కోరుట్లలో చేతి కాగితం తయారయ్యేది. పట్వారీలు లెక్కలు రాసుకునే పుస్తకాలకు ఆ కాగితమే వాడేవారు. 1934లో గాంధీజీ వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని ప్రారంభించినప్పుడు, బతికించుకోవాల్సిన చేతిపనుల్లో కాగితాన్నీ చేర్చారు. పుదుచ్చేరిలోని అరవిందాశ్రమం 1959లో చేతి కాగితపు కర్మాగారం పెట్టింది. మన రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ గ్రామీణ సాంకేతిక పార్కులో శిక్షణ ఇచ్చిన పనుల్లోనూ చేతి కాగితం ఉంది.

చేతి కాగితం సాధారణంగా 22 అంగుళాలు, 30 అంగుళాల పెద్ద తావుగా వస్తుంది. ఒక తావు నుంచి నాలుగు ఏ4 ముక్కలు తీయొచ్చు. 150 పత్రికలకు పాడయ్యేవాటి కోసం ఇంకో పదిహేను కలుపుకుంటే 165. అంటే 42 తావులు కొనాలి. ఒక జాగ్రత్త! కొన్ని చేతి కాగితాలు సిరాను పీల్చేసుకుంటాయి, అక్షరం అంచులు పాకుతాయి. అన్నీ కొనేముందు ఒక్క తావు తెచ్చి, రాయబోయే పెన్నుతోనే రాసి చూసుకోవాలి. గరుకుగా మందంగా ఉండే ఈ కాగితాన్ని ఇంట్లో లేజర్ ప్రింటర్‌లో పెడితే ఇరుక్కునే ప్రమాదం ఉంది. స్క్రీన్ ప్రింటింగే మేలు.

అమ్మ చీర అంచు... ఐరేని కుండ చుక్క

అలంకారానికి బజారు నుంచి అద్దాలూ పూసలూ తేనక్కరలేదు. బీరువా తెరిస్తే చాలు. అమ్మ కట్టి కట్టి చిరుగు పట్టిన నారాయణపేట చీరో, జరీ నల్లబడిన గద్వాల చీరో ఉంటుంది. చీర పొడవు అయిదున్నర మీటర్లు. రెండు వైపులా అంచు ఉంటుంది కాబట్టి పదకొండు మీటర్ల అంచు దొరుకుతుంది. పత్రికకు అయిదు సెంటీమీటర్ల ముక్క చొప్పున 220 ముక్కలు! నూటయాభై పత్రికలకు పోను చిరిగినవీ మరకలున్నవీ పక్కన పెట్టుకునే వీలూ ఉంది. కత్తిరించేముందు అంచు వెనకాల పల్చగా జిగురు రాసి ఆరనిస్తే పోగులు ఊడవు. అయితే ఆ చీర మీద కత్తెర పెట్టేముందు అమ్మను అడగాలి. కొన్ని చీరలు చిరిగినా కత్తిరించడానికి మనసొప్పదు. ఆమె వద్దంటే వద్దు, ఇంకో చీర వెతుక్కోవాలి.

బొమ్మల విషయానికొస్తే, తెలంగాణ పెళ్లిలో అసలే బొమ్మలకు కొదవలేదు. కుమ్మరింటి నుంచి మేళతాళాలతో తెచ్చే ఐరేని కుండల మీది రంగుల చుక్కలూ గీతలూ, గడప ముందటి చుక్కల ముగ్గు, పందిరికి కట్టే మామిడాకు... వీటిలో ఏదైనా ఒక్కటి చాలు. ఆలుగడ్డను సగానికి కోసి మామిడాకు ఆకారం మిగిలేట్టు చుట్టూ చెక్కితే పిల్లలు కూడా ముద్రలు వేసేయొచ్చు. ఇంకాస్త నిగారింపు కావాలంటే చెక్క అచ్చు చేయించుకోవచ్చు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ గుడ్డల కోసం టేకు చెక్క మీద అచ్చులు చెక్కే పనివాళ్లు ఉన్నారు. అలాంటి అచ్చు ఒకటి చేయించుకుంటే తర్వాత తమ్ముడి పెళ్లికీ, ఆపైన పిల్లల నామకరణాలకూ పనికొస్తుంది.

పసుపు విషయంలో రెండు గుర్తుంచుకోవాలి. ఎండ తగిలితే పసుపు రంగు వెలిసిపోతుంది, కాబట్టి పత్రికలు నీడలోనే ఆరబెట్టాలి. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి అదే కదా! ఆ పారాణితోనే పత్రిక మీద ఓ చుక్క పెడితే అంతకన్నా మంచి ఎరుపు ఏ రంగుల కొట్లోనూ దొరకదు. కాకపోతే పల్చగా కలిపితే కాగితం తడిసి వెనక్కి దిగుతుంది. గట్టి ముద్దగా కలిపి వేలికొసతో అద్దాలి.

ఇంకో మాట. అంగడి కార్డుల మీద వినాయకుడో వేంకటేశ్వరుడో బంగారు రంగులో మెరుస్తుంటారు. పెళ్లయ్యాక ఆ కార్డును ఏం చేయాలో తెలియక ప్రతి ఇంట్లో ఓ దొంతర పేరుకుపోతుంది. చెత్తలో వేయబుద్ధి కాదు, దాచడానికి చోటుండదు. ప్లాస్టిక్ పొర అతికించిన కార్డు మట్టిలోనూ కలవదు. ఇంట్లో చేసే పత్రిక మీద దేవుడి బొమ్మకు బదులు ఒక్క ‘శ్రీ’ పెట్టుకుంటే ఈ ఇబ్బంది సగం తీరినట్టే.

పత్రికకు బొమ్మలు అద్దే ముచ్చట మనకొక్కరికే లేదు. బెంగాలీల పెళ్లిపత్రిక మీద సీతాకోకచిలుక ఉండాల్సిందే. బిహార్‌లోని మిథిలలో పెళ్లికి ముందు ఇంటి ఆడవాళ్లే శోభనపు గది గోడ మీద తామరాకులూ వెదుళ్లూ చిత్రిస్తారు. ఆ గోడబొమ్మలే కాగితం మీదకు దిగి మధుబని చిత్రాలుగా లోకమంతా తిరిగాయి. జపాన్ వాళ్లు చేతి కాగితపు విద్యను ఎంత గౌరవిస్తారంటే, 2014లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

పేర్ల దగ్గరే అసలు పరీక్ష

కాగితం చిరిగితే ఇంకోటి తెచ్చుకోవచ్చు. పేరు తప్పిపోతే మాత్రం ఆ మాట ఇరవై ఏళ్లయినా మాసిపోదు! పెళ్లిపత్రికలో పేర్ల వరస చిన్న విషయం కాదు. పెదనాన్న పేరు ముందా, మేనమామ పేరు ముందా? ‘బంధుమిత్రుల అభినందనలతో’ అన్నచోట ఎవరెవరు? చి., చి.ల.సౌ., కీ.శే... ఈ పొట్టి మాటల వెనక పెద్ద మర్యాదలున్నాయి. చి.ల.సౌ. అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. చనిపోయిన తాతగారి పేరుకు ముందు కీర్తిశేషులు అని ఉండాలి. ఒక్క చుక్క మర్చిపోయి ఆ మాటను బతికున్న మనిషి పేరుకు తగిలిస్తే ఇక చెప్పక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పేరు ఇంకోటి ఉంది. అమ్మ పేరు. పాత పత్రికల్లో పిలిచేది తండ్రి ఒక్కడే. తర్వాత్తర్వాత ‘శ్రీమతి’ వచ్చి పక్కన నిలబడింది. భర్త పోయిన తల్లి విషయంలో మాత్రం ఇప్పటికీ చాలా ఇళ్లలో తర్జనభర్జనలే. కూలో నాలో చేసి బిడ్డను పెంచి పెద్దచేసి పెళ్లి చేస్తున్నది ఆమె. పత్రిక మీద పిలిచేది మాత్రం పెదనాన్నో మేనమామో! దుకాణంలో అచ్చు వేయించేటప్పుడు ‘అందరూ వేసేదే వేద్దాం’ అనేస్తాం. అక్కడున్న నమూనా మన బదులు తేల్చేస్తుంది. ఇంట్లో కూర్చుని రాసుకునేటప్పుడు ఆ సౌకర్యం ఉండదు. ఎవరి పేరు ఎక్కడ రాయాలో నోరు విప్పి మాట్లాడుకోవాల్సిందే. ఆ మాటల్లోనే ఎన్నో పాత పట్టింపులు కరిగిపోతాయి. ‘పిలిచేది మా అమ్మ’ అని బిడ్డ తన చేత్తో మొదటి వరసలో రాస్తే, పెద్దలు ఆ వరస కింద తమ పేర్లు చేర్చుకుంటే, ఆ పత్రిక విలువ ఎంతో లెక్కగట్టలేం.

ఇక తేదీ. రాత్రి ముహూర్తాల దగ్గరే తికమక. శుక్రవారం రాత్రి రెండు గంటల ముప్ఫై అయిదు నిమిషాలకు ముహూర్తం అనుకుందాం. గోడ మీది క్యాలెండరు ప్రకారం అప్పటికే శనివారం. పంచాంగం ప్రకారం సూర్యోదయమయ్యేదాకా శుక్రవారమే. అందుకే మనవాళ్లు ‘శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం’ అని రాస్తారు. ఆ ముక్క వదిలేస్తే సగంమంది చుట్టాలు ఒకరోజు ఆలస్యంగా దిగుతారు! వధూవరుల పేర్లు కూడా ముద్దుపేర్లు కాకుండా ఆధార్, చదువు సర్టిఫికెట్లలో ఉన్నట్టే ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ 2002లో చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు అడిగే కాగితాల్లో పెళ్లిపత్రిక కూడా ఒకటి. పేర్లు, తేదీ, చోటు స్పష్టంగా ఉన్న రెండు మూడు పత్రికలు అందుకోసం పక్కన దాచుకోవాలి.

అందుకే రాసిన మొదటి కాగితాన్ని అచ్చుకు ఇచ్చే ముందు ముగ్గురు చదవాలి. ఒకరు పురోహితుడు, తిథి వార నక్షత్రాల కోసం. ఇంకొకరు ఇంట్లో పెద్దావిడ, వరసల కోసం. మూడోవాళ్లు ఈ పెళ్లితో ఏ సంబంధం లేని ఇరుగుపొరుగు. పెళ్లి ఎక్కడ, ఎప్పుడు, ఎలా వెళ్లాలి అన్నది వాళ్లకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

పెళ్లికి ఆరు వారాల ముందే పేర్లూ విషయమూ ఖాయం చేసుకోవాలి. అయిదో వారంలో రాత, అచ్చు. నాలుగో వారంలో ఇంటిల్లిపాదీ కూర్చుని మడతలు, అంచులు, ముద్రలు. మూడు వారాల ముందు పిలుపులకు బయల్దేరాలి. మొదటి పత్రిక ఎలాగూ ఇంటి ఇలవేల్పు ముందే పెడతారు. చాలామంది తిరుమలకూ పంపుతారు. దేవస్థానం నుంచి స్వామివారి అక్షింతలు ఆశీస్సులతో తిరిగొస్తాయి.

ఆ నాలుగో వారంలో పెళ్లికూతురిని కూడా పనిలో కూర్చోబెట్టాలి. ఆ తర్వాత పందిరి, పసుపు దంచడం, ఒడిబియ్యం... అన్ని తంతుల్లోనూ ఆమెను పీట మీద కూర్చోబెట్టి అందరూ ఆమెకు చేసేవాళ్లే. అమ్మానాన్నలతో, తోడబుట్టినవాళ్లతో భుజం భుజం కలిపి ఆ ఇంటిపిల్లగా ఆమె చేసే ఆఖరి పని ఈ పత్రికల పనే కావొచ్చు. మడత వంకరపోయిందని చెల్లెలితో తగాదా, ముద్ర తిరగబడిందని నవ్వులు, ఎవరి పేరో గుర్తొచ్చి నాన్న చెప్పే పాత కథ, మధ్యలో అమ్మ తెచ్చే చాయ్. దుకాణంలో డబ్బు కట్టి తెచ్చుకునే కార్డుతోపాటు ఇవేవీ రావు.

చివరగా, అన్నీ పంచేయకుండా ఒక పత్రికను మాత్రం పేరు రాయకుండా మిగల్చండి. అప్పగింతలనాడు పెట్టె సర్దేటప్పుడు చీరల మధ్యన దాన్ని పెట్టి పంపండి. నాయనమ్మ వణుకు రాత, నాన్న ముహూర్తం, అమ్మ చీర అంచు, తాతయ్య వేలిముద్ర... పుట్టింటివాళ్లంతా ఆ మడతలో ఆమె వెంటే వెళతారు!